మీకు తెలుసా? ఓడెక్కితే మెడికేర్ ఆరు గంటలే!

2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్రకు బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ పొడవు దాదాపు 365 మీటర్లు. కిక్కిరిస్తే 7,600 మంది ప్రయాణికులు. ఊరంత ఓడ! అందులో డాక్టరుంటారు, బిల్లూ ఉంటుంది. అమెరికాలో 65 దాటినవారికి ఆసరా అయిన ఆరోగ్య బీమా మెడికేర్, ఆ దేశపు రేవుకు ఓడ ఆరు గంటలకు మించి దూరంలో ఉంటే ఓడలోని వైద్యానికి సాధారణంగా పైసా ఇవ్వదు. మన ఆరోగ్య బీమా పాలసీలూ చాలావరకు దేశం దాటితే పనిచేయవు. పరాయి రేవు నుంచి ఎయిర్ అంబులెన్స్‌లో ఇంటికి చేర్చాలంటే ఖర్చు లక్షల్లోనే. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ప్రీమియం కన్నా ముందు ‘అత్యవసర తరలింపు’కు ఎంత ఇస్తారో చూడాలి. బీపీ, షుగర్ ఉన్న సంగతి దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఇక షాపింగ్‌లో పడి ఓడ తప్పిపోయారా, తర్వాతి రేవుకు చార్జీలు మీ జేబులోంచే!