భువీని ఎందుకు వదిలేశారు? రిటెన్షన్ వెనకున్న అసలు లెక్క – ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడి నుంచి చూస్తున్నా సరే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు కూర్చోండి. ఈరోజు టాపిక్ మీరందరూ అడుగుతున్నదే. సన్‌రైజర్స్ హైదరాబాద్ వాళ్లు భువనేశ్వర్ కుమార్‌ని ఎందుకు వదిలేశారు? టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే చాలు, గ్లాసులో టీ చల్లారిపోద్ది గానీ గొడవ చల్లారదు. "పదకొండు సీజన్లు ఆడినోడికి ఇదేనా మర్యాద?" అని ఒకడు. "ముసలోడైపోయాడు, వదిలేయడమే కరెక్టు" అని ఇంకొకడు.

నా ఉద్దేశంలో ఇద్దరూ తప్పు ప్రశ్న పట్టుకున్నారు. "వీడు మంచి ప్లేయరా, కాదా?" అన్నది కాదండీ ఇక్కడ ప్రశ్న. "వీణ్ణి ఉంచుకుంటే ఇంకెవర్ని వదులుకోవాలి?" అన్నదే అసలు ప్రశ్న. ఎలాగో లెక్కతో చూద్దాం.

2024 చివర్లో మెగా వేలం జరిగింది కదా. ఒక్కో టీమ్‌కి 120 కోట్ల పర్సు. పాత టీమ్ నుంచి మొత్తం ఆరుగురిని ఉంచుకోవచ్చు. నేరుగా రిటెయిన్ చేసుకోవచ్చు, లేదా వేలంలో ఆర్‌టీఎం కార్డు వాడి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ఆరుగురిలో ఇంటర్నేషనల్ ఆడినవాళ్లు ఐదుగురికి మించకూడదు. అలాంటి ఐదుగురినీ ముందే ఉంచుకుంటే పర్సులోంచి 75 కోట్లు పోతాయి.

సన్‌రైజర్స్ చేసింది అదే. క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకి 14, హెడ్‌కి 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. కూడితే సరిగ్గా 75. నితీశ్ ఆ అక్టోబర్‌లోనే బంగ్లాదేశ్ మీద ఇండియా తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. అందుకే అతను కూడా ఇంటర్నేషనల్ లెక్కలోకే వచ్చేశాడు.

ఇక్కడొక్క నిమిషం ఆగండి. చాలామంది మిస్సయ్యే పాయింట్ ఇదే. ఐదుగురు ఇంటర్నేషనల్ ప్లేయర్ల కోటా అక్కడితో అయిపోయింది. మిగిలిన ఒక్క ఆర్‌టీఎం కార్డు ఇండియాకి ఆడని కుర్రాళ్లకి మాత్రమే పనికొస్తుంది. అంటే భువీ మీద గానీ, నటరాజన్ మీద గానీ ఆర్‌టీఎం వాడే అవకాశమే లేదు. "కార్డు ఎందుకు వాడలేదు?" అని తిట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిలో ఆ కార్డే లేదండీ!

మరి ఆ ఐదుగురిలో ఎవర్ని తీసేసి భువీని పెడతారు? 2024 సీజన్ గుర్తు చేసుకోండి. హెడ్ 567 పరుగులు, అభిషేక్ 484, క్లాసెన్ 479. బెంగళూరు మీద 287 కొట్టిన సీజన్ అది. కమిన్స్ కెప్టెన్‌గా ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. నితీశ్ ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. అదే సీజన్‌లో భువీ 16 మ్యాచ్‌లాడి 11 వికెట్లు తీశాడు. 2016లో కప్పు గెలిచినప్పుడు 23 వికెట్లతో, ఆ మరుసటేడు 26 వికెట్లతో పర్పుల్ క్యాప్ పెట్టుకున్న భువీ అంటే మనకి ప్రాణమే. కానీ ఆ ఐదుగురి లిస్టులో ఒక పేరు కొట్టేసి భువీ పేరు రాయమంటే మీ చెయ్యి కూడా ఆగిపోద్ది. నిజం చెప్పండి.

సరే, రిటెన్షన్ వరకు కరెక్టే అనుకుందాం. మిగిలింది 45 కోట్లు. దాంతో పది మందికి పైగా కావాలి, అందులోనే మొత్తం బౌలింగ్ కొనుక్కోవాలి. నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో వేలం. మొదటి రోజే షమీకి 10 కోట్లు, హర్షల్ పటేల్‌కి 8, ఇషాన్ కిషన్‌కి 11.25 పెట్టేశారు. ముగ్గురికే 29 కోట్ల పైచిలుకు. అదే రోజు నటరాజన్ 10.75 కోట్లకి ఢిల్లీ వెళ్లిపోయాడు. భువీ పేరు వచ్చింది రెండో రోజు. అప్పటికి సన్‌రైజర్స్ జేబులో సుమారు 5 కోట్లే ఉన్నాయి. బెంగళూరు 10.75 కోట్లకి ఎగరేసుకుపోయింది.

సంతలోకి వెళ్లగానే కనిపించిన మొదటి కొట్లోనే డబ్బంతా పెట్టేస్తే, చివర్లో మంచి సరుకు కనబడినా చూసి రావడమే కదా. నాకు తెలిసి వాదించాల్సిన చోటు ఇదీ. రిటెన్షన్ లిస్టు కాదు, మొదటి రోజు ఖర్చు.

షమీ, భువీ ఇద్దరూ 1990లో పుట్టినవాళ్లే. షమీ 2023లో 28 వికెట్లతో పర్పుల్ క్యాప్ గెలిచాడు, కాదనను. కానీ చీలమండ ఆపరేషన్ వల్ల 2024 ఐపీఎల్ మొత్తం ఆడలేదు. ఆ రిస్కు వేలం రోజున అందరికీ తెలుసు. 2025లో ఏం జరిగింది? షమీ 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు. భువీ బెంగళూరుకి 17 వికెట్లు తీసి కప్పు పట్టుకున్నాడు. సన్‌రైజర్స్ ఆరో స్థానం. తర్వాత నవంబర్‌లో షమీని లక్నోకి ట్రేడ్ చేసేశారు.

అయితే ఒక్క వైపే చూడకూడదు. హర్షల్ 16 వికెట్లు తీశాడు, అది మంచి కొనుగోలే. నటరాజన్ పోయాడని మనం ఏడ్చాం గానీ, ఢిల్లీలో అతను ఆ సీజన్ ఆడింది రెండే మ్యాచ్‌లు. ఉంచుకున్న నితీశ్ ఆ ఏడు 182 పరుగులే చేశాడు. కాబట్టి రిజల్ట్ వచ్చాక "నేను ముందే చెప్పా" అనడం ఈజీ. నిర్ణయం తీసుకున్న రోజు చేతిలో ఏ సమాచారం ఉంది అన్నదే చూడాలి.

ఇంకో విషయం. ఈ మొత్తం గొడవలో భువీ ఏమనుకున్నాడో ఎవరైనా అడిగామా? అమెరికాలో బేస్‌బాల్ ఉంది కదా, అక్కడా సీజన్ అయిపోగానే అభిమానులు ఇలాగే కొట్టుకుంటారు. కానీ అక్కడ మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయి, కాంట్రాక్టు అయిపోతే ఆటగాడు ఫ్రీ ఏజెంట్. ఎవరితో బేరమాడాలో, ఎక్కడికి వెళ్లాలో తనే తేల్చుకుంటాడు. ఆ హక్కు ఊరికే రాలేదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు "నన్ను అడక్కుండా వేరే టీమ్‌కి ఎలా పంపుతారు?" అని ఎదురు తిరిగాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. 1975 చివర్లో వేరే ఇద్దరు ఆటగాళ్ల కేసులో తీర్పు వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. మన జెడ్డా వేలం అయిన రెండు వారాలకే వాన్ సోటో అనే ఫ్రీ ఏజెంట్ న్యూయార్క్ మెట్స్‌ని ఎంచుకున్నాడు. 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు.

మన ఐపీఎల్‌లో ఆటగాడు రిటెన్షన్‌కి "నో" చెప్పగలడు. అంతవరకే. ఒకసారి వేలంలోకి దిగాక ఏ ఊరి జెర్సీ వేసుకోవాలో సుత్తి చెబుతుంది. అంబాజీపేట మార్కెట్‌కి వెళ్లిన కొబ్బరికాయ ఏ లారీ ఎక్కాలో తను చెప్పదు కదా, అలాగన్నమాట. అందుకే "భువీ మనల్ని వదిలేసి పోయాడు" అనే మాట మాత్రం దయచేసి అనకండి. ఆయన వెళ్లలేదు, వేలం పంపింది.

సో, ఈసారి రిటెన్షన్ లిస్టు ఫోన్‌లో పడగానే తిట్లు మొదలుపెట్టే ముందు మూడు చూడండి. ఒకటి, ఈ రేటుకి ఉంచుకుంటే పర్సులో ఎంత మిగులుద్ది? రెండు, ఇలాంటి ప్లేయర్ వేలంలో తక్కువకి దొరుకుతాడా? హిట్టింగ్ చేసే వికెట్ కీపర్, డెత్ ఓవర్లు వేసే ఇండియన్ పేసర్ అంత తేలిగ్గా దొరకరు. మూడు, ఆర్‌టీఎం ఎవరి మీద పనిచేస్తుంది, ఎవరి మీద పనిచెయ్యదు?

ఈ మూడూ చూశాక కూడా "వదిలేయడం తప్పే" అనిపిస్తే, గట్టిగా వాదించండి. అప్పుడు మీ దగ్గర కోపం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంటుంది. మీరైతే ఆ ఐదుగురిలో ఎవర్ని మార్చేవారో చెప్పండి. ఉంటానండి మరి.