తొట్టికీ మత్తడి కావాలి

మా ఊరి చెరువు నిండిన నాడు పిల్లలమందరం మత్తడి చూడటానికి పరుగెత్తేవాళ్ళం. కొన్ని జిల్లాలలో దానినే అలుగు అంటారు. ఆ మత్తడికీ, మా కాలేజీ ప్రయోగశాలలోని గాజు తొట్టికీ సంబంధం ఉన్నదని ఒక రాత్రి నష్టపోయాక గాని నాకు తెలిసిరాలేదు.

మేము పెంచుతున్నవి సముద్రపు చేపలు. వాటికి లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. సముద్రంలోని పగడాలను తీయటం మన దేశంలో నేరం కనుక మా తొట్టిలో పగడాలు లేవు. ఏర్పాటు మాత్రం విదేశాలలో పగడాలు పెంచే రీఫ్ అక్వేరియందే. పైన పెద్ద తొట్టి, కింద చిన్న తొట్టి. పై తొట్టి మూలన గాజు పలకతో కట్టిన చిన్న అర ఉంటుంది. పలక అంచు మీదుగా అందులోకి పొర్లిన నీరు గొట్టం గుండా కిందికి దిగి, శుభ్రపడి, పంపు ద్వారా మళ్ళీ పైకి చేరుతుంది.

ఆ అంచే మత్తడి. నీటిమట్టాన్ని నిర్ణయించేది ముఖ్యంగా అదే. 30 సెంటీమీటర్ల అంచు మీదుగా గంటకు 2,000 లీటర్లు పొర్లితే, ఫ్రాన్సిస్ సూత్రం ప్రకారం నీరు అంచుపై సుమారు 1 సెం.మీ. ఎత్తే నిలుస్తుంది. ప్రవాహం రెట్టింపైనా 1.6 సెం.మీ. అంతే. అంచు పొడవైతే ఇంకా తక్కువ. మన పెద్దలు మత్తడిని అంత పొడుగున ఎందుకు కట్టారో దీన్నిబట్టి తెలుస్తుంది.

నా తప్పు ఆ తర్వాత ఉంది. అరలో ఒక్క గొట్టమే పెట్టాను. ఒక రాత్రి దాని మూతిలో నత్త ఇరుక్కుంది. పంపు తోడుతూనే ఉంది. నీళ్ళు నేలపాలయ్యాయి, కింది తొట్టి ఎండి పంపు కాలిపోయింది. తెల్లవారేసరికి నాలుగు చేపలు చచ్చి తేలాయి.

సెలవుల్లో బాపుకు చెబితే, "నీళ్ళు పోను ఒక్కటే తొవ్వ పెట్టినవా బిడ్డా? ఆ తొవ్వ పూడితే ఎట్ల?" అన్నాడు.

ఇప్పుడు మూడు గొట్టాలు పెట్టాము. మొదటిది గాలి చొరకుండా నిండుగా పారుతుంది కనుక చప్పుడు చేయదు. వాల్వుతో దాన్ని సర్దుతాము. రెండవదాని మూతి కాస్త ఎత్తున ఉంటుంది. మిగిలిన కొద్ది నీరు అందులో జారుతుంది. మూడవది ఇంకా ఎత్తున, ఎప్పుడూ పొడిగా ఉంటుంది. దానికి వాల్వు పెట్టకూడదు. బిగించాక మొదటి రెంటినీ మూసి, మూడవది ఒక్కటే మొత్తం నీటిని మోయగలదని పరీక్షించి చూశాము.

ఇక కరెంటు పోతే? పంపు ఆగగానే, నీరు పైకి తెచ్చే గొట్టం సైఫన్‌గా మారి వెనక్కి లాగుతుంది. మా తొట్టి పొడవు 90, వెడల్పు 45 సెం.మీ. మట్టం 1 సెం.మీ. తగ్గితే 4 లీటర్లు దిగినట్లే. గొట్టం మూతి 10 సెం.మీ. లోతున ఉంటే 40 లీటర్లు! వెనక్కి రాకుండా వాల్వు పెట్టవచ్చు గదా అంటారా? బావి మోటారు ఫుట్‌వాల్వులో చెత్త పడితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. నీటిమట్టానికి కొద్దిగా దిగువన ఆ గొట్టానికి చిన్న రంధ్రం చేశాము. మట్టం అక్కడికి తగ్గగానే గాలి చొరబడి ప్రవాహం తెగుతుంది. ఆలోపు దిగే నీటికి కింది తొట్టిలో ఖాళీ ఉంచాము.

రోజూ ప్రయోగశాల తెరవగానే నేను ముందు చూసేది ఆ మూడవ గొట్టాన్నే. అది పొడిగా ఉంటే చేపలు క్షేమం. ఏ పనీ లేదని దాన్ని దండుగ అనుకోను. మా ఊరి మత్తడి మీదుగా కూడా అన్ని సంవత్సరాలూ నీరు పారదు. అయినా మా ఊళ్ళో ఎవరూ దాన్ని పూడ్చలేదు.