ఓడ యెక్కే నాడు

ఓడ ప్రయాణమంటే మన జనగామ వైపు వాళ్ళకు కథల్లో మాటే. మాది బచ్చన్నపేట. సముద్రం సంగతి అటుంచి, మా వైపు చెరువు నిండిన సంవత్సరమే చెప్పుకోదగ్గ సంవత్సరం. అలాంటి వూరి నుంచి 70 యేళ్ళ మా అత్తమ్మను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఓడ యెక్కి వచ్చాను. వచ్చిన నాటి నుంచీ యింటికి వచ్చిన ఆడవాళ్ళందరూ "ఓడల యేముంటది? యెట్ల యెక్కుతరు? కడుపుల తిప్పదా?" అని అడుగుతూనే వున్నారు. ఆ ప్రశ్నలకు జవాబే యీ నాలుగు మాటలు. ప్రయాణమంతా చెప్పను. ఓడ యెక్కే రోజు, ఆ మొదటి సాయంత్రం గురించే చెబుతాను. తెలియక తికమక పడేదంతా అప్పుడే కదా.

ఇది సరుకుల ఓడ కాదు, అండమాన్ పోయే ఓడా కాదు. విహారానికని కట్టిన ఓడ. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే అటువంటి ఓడ విశాఖకు వచ్చి, అక్కడ జనాన్ని యెక్కించుకుని పుదుచ్చేరి, చెన్నైల వైపు సాగింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది. 11 అంతస్తులు, 211 మీటర్ల పొడవు. 48,000 టన్నుల పైచిలుకు ఓడ అంటారు. ఆ టన్నులు బరువు అనుకునేరు, కాదు. అది లోపల యెంత చోటు వున్నదో చెప్పే లెక్క. గాదె యెంతటిదని అడిగితే యిన్ని పుట్లు పడుతుందని మనం చెప్పుకోమా, అలాగన్నమాట. తరువాత 2023 సెప్టెంబరులో యిలాంటి ఓడల కోసమే విశాఖ రేవులో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ తెరిచారు. ఓడలు యేడాది పొడవునా రావు కనుక, యెప్పుడు వస్తుందో ముందుగా కనుక్కునే బయలుదేరాలి.

కాజీపేటలోనో వరంగల్లులోనో రాత్రి రైలు యెక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. కాని ఓడ యెక్కే నాటి పొద్దుటికి చేరే రైలును నమ్ముకోకండి. రైలు మూడు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవు నుంచి బయటికి తీసుకుపోయే పైలటుకూ, లాగే టగ్గు పడవలకూ అన్నిటికీ వేళలు ముందే నిర్ణయమై వుంటాయి. ఒక రోజు ముందే చేరి రాత్రి అక్కడ పడుకోవడం మేలు. ఖర్చు కొంచెం అవుతుంది, గుండె నిబ్బరంగా వుంటుంది.

ఇక మాకు జరిగిన సంగతి. మన దేశంలోని రేవుల మధ్య ప్రయాణానికి పాస్‌పోర్టు అక్కరలేదు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు చాలన్నారు. నిజమే, చాలు. కాని కార్డు మీద మా అత్తమ్మ యింటిపేరు ముందు వుంది, టికెట్ మీద యింటిపేరే లేదు. టికెట్లు తీసిపెట్టిన వారు అడగలేదు, నేను చూడలేదు. గేటు దగ్గర అందరూ లోపలికి పోతూంటే మమ్మల్ని పక్కన నిలబెట్టారు. గంటసేపు! "నేను యింటికి పోత, నువ్వు పోయిరా బిడ్డా" అని అత్తమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకుంది. ఆమె కోసమే పెట్టుకున్న ప్రయాణం, ఆమె లేకుండా నేనెక్కడికి పోను? చివరికి కార్డు నెంబరు, పుట్టిన సంవత్సరం సరిచూసి పంపారు. మన వైపు ముసలమ్మల పేర్లు రేషను కార్డులో ఒకటి, ఓటరు లిస్టులో ఒకటి, ఆధారులో ఒకటి. టికెట్ చేతికి రాగానే కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

సామానుకు గది నెంబరు వేసిన చీటీ కట్టి తీసుకుంటారు. విమానాశ్రయంలో లాగానే యంత్రంలోంచి పంపి తరువాత గదికి చేరుస్తారు. అది సాయంత్రం దాకా రాకపోవచ్చు. అందుకని మందులు, కళ్ళజోడు, ఒక చీర, దువ్వెన చేతిసంచిలో వుంచుకోవాలి. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచుకునే కాయిల్, కొవ్వొత్తులు, అగరొత్తులు తీసుకుపోకండి. మా అత్తమ్మ దీపం వత్తులు, అగ్గిపెట్టె మూటగట్టింది. వద్దంటే, "సుట్టూ నీళ్ళుండంగ నిప్పుకు భయమేంది?" అన్నది. కాని ఓడ వాళ్ళకు తుపానుకంటే యెక్కువ భయం నిప్పంటేనేనట. ఊళ్ళో యిల్లంటుకుంటే వీధిలోకి పరుగెత్తవచ్చు. నడి సముద్రంలో వీధి యేది? ఆ మాట చెప్పాక అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది.

లోపలికి పోగానే ఒక కార్డు యిస్తారు. గది తాళమూ అదే, డబ్బు సంచీ అదే. కొన్నదల్లా దాని మీద రాసుకుని చివరి రోజు బిల్లు యిస్తారు. పిల్లల చేతికి యివ్వకండి. నోటు విప్పి యిస్తే కదా ఖర్చు కనపడేది!

నడవాలన్నీ ఒక్కలాగే వుండి చదువుకున్న వాళ్ళే దారి తప్పుతారు. మా అత్తమ్మ తప్పలేదు. మెట్ల దగ్గర నుంచి తలుపులు లెక్కపెట్టుకుంది, వాడకట్టులో యిళ్ళు లెక్కపెట్టినట్టు. స్నానాల గదికి యెత్తుగా గడప వుంటుంది, నీళ్ళు బయటికి రాకుండా. కాలు తగులుతుంది, జాగ్రత్త. ఆ స్నానాల గదిలో కుళాయి తిప్పి, "గిన్ని మంచినీళ్ళు యెక్కడియి?" అని అడిగింది. సముద్రపు నీటినే కాచి ఆవిరిని చల్లబరిచీ, లేదా సన్నటి పొరల గుండా వొత్తిడితో వడగట్టీ వుప్పు తీసేస్తారని చెప్పాను. ఆమె కుళాయి వెంటనే కట్టేసింది. కరువు కాలంలో బిందె పట్టుకుని మైళ్ళు నడిచిన మనిషి. అక్కడున్నన్నాళ్ళూ ఒక్క చెంబు నీళ్ళు వృథాగా పోనివ్వలేదు.

ఇంతకూ అన్నిటికంటె ముఖ్యమైన పని ఓడ కదిలే ముందే వుంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తుంది. అది ప్రమాద సంకేతం. అది వినగానే యెవరు యెక్కడ చేరాలి, ప్రాణరక్షక కోటు యెలా తొడుక్కోవాలి, యే పడవ దగ్గర నిలబడాలి అన్నది అందరిచేతా చేయించి చూపుతారు. చాలామంది "ఫోటోలు దిగుదాం, తిందాం" అని తప్పించుకోజూస్తారు. 2012 జనవరి 13న ఇటలీ తీరాన 'కోస్టా కాంకోర్డియా' అనే పెద్ద ఓడ రాతికి గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే యెక్కిన వందలాది మందికి ఆ కసరత్తు యింకా జరగలేదు. బయలుదేరిన ఒక రోజులోగా చేస్తే చాలునన్నది అప్పటి నియమం. ఆ తరువాత నియమం మార్చారు. 2015 నుంచి ఓడ కదిలే ముందుగాని, కదలగానే గాని చేసి తీరాలి. ప్రకటన గబగబా సాగిపోతే మీ యింటి పెద్దలకు మీరే మన మాటల్లో మళ్ళీ చెప్పండి. నేను చెప్పాను. కోటు తాడు బిగించుకోవడం అత్తమ్మ నాకంటే ముందే నేర్చుకుంది.

అప్పుడు ఓడ కదులుతుంది. కదిలినట్టే తెలియదు, గట్టే వెనక్కి పోతున్నట్టుంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లగా చిన్నదవుతుంది. కొంత దూరం పోయాక పైలటు తాడునిచ్చెన మీదుగా చిన్న పడవలోకి దిగి వెళ్ళిపోతాడు. అది చూడవలసిన దృశ్యం. సూర్యుడు సముద్రంలో మునగడం చూద్దామని కొందరు నిలబడ్డారు. తూర్పు తీరంలో అది వుండదు. పొద్దు కొండల వెనుకకు, వూరి వైపుకే కుంకుతుంది. సముద్రంలో పొడిచే పొద్దు చూడాలంటే వేకువనే లేవాలి. ఇంటికి ఫోను చేసుకోదలిస్తే కూడా అప్పుడే చేసుకోండి. తీరం దాటితే సిగ్నల్ పోతుంది, ఫోను కలవకపోతే యింట్లో వాళ్ళు కంగారు పడతారు.

కడుపులో తిప్పడం సంగతి. కళ్ళు గది కదలడం లేదంటాయి, చెవి లోపలి భాగం కదులుతోందంటుంది. ఆ రెండింటి తగాదాయే వాంతి. ఖాళీ కడుపుతో వుండకూడదు, మెడదాకా తినకూడదు. అక్కడ పెట్టే నలభై రకాలు చూసి ఆశపడకండి. గది తీసుకునేటప్పుడే కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో అడగండి, వూపు తక్కువ. తిప్పుతున్నట్టుంటే పైకి వచ్చి దూరాన ఆకాశం నీళ్ళను తాకే గీత చూస్తూ నిలబడాలి. అల్లం ముక్క నమిలితే కొందరికి నయం. మాత్రలున్నాయి గాని అవి తిప్పడం మొదలు కాకముందే వేసుకోవాలి, బీపీ, షుగరు వున్నవాళ్ళు డాక్టరును అడిగే వేసుకోవాలి. నాకు ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయింది. అత్తమ్మకు యేమీ కాలేదు, పెరుగన్నం తిని కూర్చుంది.

పడుకోబోతూ, "యీ చీకట్ల యిది నడిపేటోళ్ళు నిద్రపోరా?" అని అడిగింది. ఇద్దరు ముగ్గురు చొప్పున గంటలు పంచుకుని రాత్రంతా మేలుకునే వుంటారని చెప్పాను. ఎడమ పక్క యెర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం వెలుగుతూంటాయనీ, యెదురొచ్చే ఓడ వాటిని చూసి యిది యెటు పోతున్నదో తెలుసుకుంటుందనీ చెప్పాను. సరేనన్నది. లేచి అల్మారాలో నుంచి ప్రాణరక్షక కోటు రెండూ తెచ్చి, ఒకటి తన తలగడ పక్కన, ఒకటి నా కాళ్ళ దగ్గర పెట్టి, దీపం ఆర్పమన్నది.