మోత ఎవరి సొత్తు?

1982 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని రోయిర్ అనే చిన్న సంస్థ ఒక పాటల ఆల్బమ్‌ను క్యాసెట్‌గా మాత్రమే విడుదల చేసింది. పసుపు అట్ట మీద అమెరికా చట్టసభ గుమ్మటాన్ని పిడుగు చీలుస్తున్న బొమ్మ. అది 'బ్యాడ్ బ్రెయిన్స్' అనే పంక్ రాక్ బృందం తొలి ఆల్బమ్. హెచ్.ఆర్., డాక్టర్ నో, డారిల్ జెనిఫర్, ఎర్ల్ హడ్సన్ నలుగురూ నల్లజాతివారు.

పంక్ అప్పటికి దాదాపుగా తెల్లజాతి యువకుల ఆగ్రహంగానే పేరుపడింది. రాక్ పుట్టిందే నల్లవారి బ్లూస్ నుంచి అన్న సంగతి మరుగున పడింది. అంతకు ముందు జాజ్ ఫ్యూజన్ వాయించిన ఈ నలుగురు ఎవరూ అందుకోలేని వేగంతో పంక్ వాయించారు. 15 పాటల నడుమ 3 రెగే పాటలు పెట్టారు. వాషింగ్టన్ క్లబ్బులు తలుపులు మూస్తే, ఆ నిషేధాన్నే 'బ్యాన్డ్ ఇన్ డి.సి.' అనే పాటగా కట్టారు. తెల్లవాడి మోత తిరుగుబాటు, నల్లవాడి మోత అల్లరి: ఈ లెక్క మనకు కొత్తది కాదు.

అయితే పోలిక ఇక్కడే తెగుతుంది. వారికి దక్కనిది వేదిక. మన దళితులకు వాద్యాన్ని బలవంతంగా అంటగట్టారు. తాడిపత్రి పల్లెల్లో తప్పెట చావుకూ జాతరకూ చాటింపుకూ మోగాలి. మోగించడం కులధర్మం కనుక అది కళ కాదు, కూలి అడగరాదు. ఆ వెట్టి చాటింపు పేరునే 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా తన పేరుగా ఎత్తుకుంది. మన వైపు నుంచి పంక్‌కు అంతకంటే దగ్గరి చర్య నాకు కనిపించదు. 2018 జనవరిలో చెన్నైలో తొలి ప్రదర్శన ఇచ్చిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' కూడా గానా పాటను రాక్‌తో, ర్యాప్‌తో కలిపి ఈ దారినే నడిచింది.

నల్లవారి బృందమని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అదే ఏడాది ఆస్టిన్‌లో స్వలింగ ప్రేమికులైన సంగీతకారులను వారు అవమానించిన ఉదంతం ఆ బృంద చరిత్రలో భాగమే. తప్పెట పట్టే ఆడపిల్లను ఆక్షేపించే మన వాడలూ ఈ మాట వినాలి.

ఇక మనవైపు పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు రూ.4,000 పింఛను ఇస్తోంది. మంచిదే. కానీ అది లబ్ధిదారు జాబితాలోని పేరు, ఆల్బమ్ అట్ట మీది పేరు కాదు. సినిమా పాటలో తప్పెట మోగితే సంగీత దర్శకుడు గుర్తుంటాడు. వాయించిన చేతులు ఎవరివో ఎంతమందికి తెలుసు? బండల పాలిష్ యంత్రాల రొదకు అలవాటుపడిన తాడిపత్రిలో ఒక గది, రెండు మైకులు, వాయించినవారి పేర్లు, అమ్మకంలో వారి వాటా రాసిన ఒప్పందం. తొలి ఆల్బమ్‌కు ఇంతకు మించి అక్కరలేదు. అనంతపురం జిల్లా ఉరుములతోనే మొదలుపెట్టవచ్చు.