మీకు తెలుసా? సొరంగం నెత్తిన ఉన్న ఇంటికన్నా పక్కిల్లే ముందు బీటలువారొచ్చు

మెత్తటి నేలలో మెట్రో సొరంగం తవ్వితే పైన నేల ఎంతో కొంత కుంగుతుంది. ఎక్కడ, ఎంత కుంగుతుందో తవ్వకం మొదలవకముందే లెక్కగట్టొచ్చని, ఆ తొలి లెక్క ఒక్క కాగితంలో పట్టేస్తుందని తెలుసా? 1969లో మెక్సికో నగరంలో జరిగిన అంతర్జాతీయ సాయిల్ మెకానిక్స్ సదస్సులో అమెరికా ఇంజినీరు రాల్ఫ్ పెక్ అప్పటిదాకా తవ్విన సొరంగాల కొలతలను ముందు పెట్టారు. సొరంగానికి అడ్డంగా కొలిస్తే నేల తిరగేసిన గంట ఆకారంలో కుంగుతోందని చూపించారు. ఇప్పటికీ ఇంజినీర్లు మొదట గీసేది ఆ గీతనే.

దానికి రెండంకెలు చాలు. మొదటిది, సొరంగం సైజుకు మించి లోపలికి వచ్చేసే మట్టి. దీన్ని వాల్యూమ్ లాస్ అంటారు. సొరంగం తవ్వే యంత్రం ముందు భాగం కోసే గుంత, సొరంగం గోడగా నిలిచే కాంక్రీటు రింగు కన్నా కాస్త పెద్దది. రింగును యంత్రం తొడుగు లోపలే బిగించి, యంత్రం ముందుకు జరగ్గానే వెనకాల మిగిలే సందులోకి గ్రౌట్ (గట్టిపడే సిమెంటు ద్రావణం) ఎక్కిస్తారు. అది చాలకపోయినా, ఆలస్యమైనా చుట్టూ మట్టి ఆ సందులోకి జారుతుంది. ముందువైపు మట్టి ఒత్తిడికి సరిపడా ఎదురొత్తిడి లేకపోతే అటునుంచీ జారుతుంది. అందుకే బయటికొచ్చే మట్టిని బెల్టు మీదే తూస్తుంటారు. లెక్కకు మించి మట్టి వస్తోందంటే పైన నేల కింద ఖాళీ పెరుగుతోందన్నమాట. మంచి యంత్రం, అనుభవమున్న ఆపరేటరు ఉంటే ఈ నష్టం సొరంగం ఘనపరిమాణంలో 1 శాతం లోపే ఉంటుంది.

రెండోది గుంట వెడల్పు. బంకమట్టిలో గంట మధ్యగీత నుంచి వాలు అత్యధికంగా ఉండే చోటికి దూరం సుమారు సొరంగం లోతులో సగం. ఇసుకలో పావువంతు. 6 మీటర్ల వ్యాసం, 20 మీటర్ల లోతు, బంకమట్టి, 1 శాతం నష్టం అనుకుందాం. నడిమధ్యన నేల సుమారు 11 మిల్లీమీటర్లు కుంగుతుంది. అదే సొరంగాన్ని 10 మీటర్ల లోతులో తవ్వితే కుంగుబాటు 23 మిల్లీమీటర్లకు చేరుతుంది, గుంట వెడల్పు సగమవుతుంది. అంటే నేల వాలు రెట్టింపు కాదు, నాలుగింతలు! తక్కువ లోతు సొరంగమంటే ఇంజినీర్లు జంకేది ఇందుకే.

ఇల్లు పగిలేది కుంగినందుకు కాదు, ఒక కొస ఎక్కువ, ఇంకో కొస తక్కువ కుంగినందుకు. సరిగ్గా సొరంగం మీదున్న నేల అడ్డంగా దగ్గరికి నొక్కుకుంటుంది. ఇటుక గోడ ఆ నొక్కుడును బాగానే తట్టుకుంటుంది. పై ఉదాహరణలో 20 మీటర్ల లోతు సొరంగానికి పక్కగా 17 మీటర్ల దూరంలో మాత్రం నేల అన్నిటికన్నా ఎక్కువగా సాగుతుంది, వీపు విరుచుకున్నట్టు వంగుతుంది. సాగదీస్తే ఇటుక గోడ ఓర్చుకోలేదు. ‘మా ఇంటి కింద సొరంగం లేదుగా’ అని ధీమాగా ఉండే పక్కింటాయన కూడా ఇంజినీరుతో మాట్లాడాలి.

లండన్‌లో జూబిలీ మెట్రో లైన్ పొడిగింపు కోసం వెస్ట్‌మినిస్టర్ దగ్గర తవ్వినప్పుడు, 96 మీటర్ల బిగ్ బెన్ గడియార స్తంభం పక్కకు ఒరగకుండా పునాది కింద ముందే గొట్టాలు దించారు. వాలు పెరిగినప్పుడల్లా వాటిలోంచి గ్రౌట్ ఎక్కించి నేలను నిలబెట్టారు. ఆ పనికి సలహాదారు ఇంపీరియల్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ బర్లాండ్. పీసా స్తంభాన్ని కాపాడిన బృందంలోనూ ఆయన ఉన్నారు. గోడ పగులు ఎంతుంటే ఎంత నష్టమో చెప్పే వర్గీకరణ కూడా ఆయనదే: 1 మిల్లీమీటరు దాకా రంగు వేసుకుంటే సరి, 5 దాటితే మేస్త్రీని పిలవాల్సిందే.

ఈ కుంగుబాటు లెక్కకో హద్దు ఉంది. యంత్రం అదుపులో ఉన్నంతవరకే ఇది నిజం. కోల్‌కతా బౌబజార్‌లో 2019 ఆగస్టు 31న ఈస్ట్-వెస్ట్ మెట్రో యంత్రం ‘చండీ’ భూగర్భ జలాల పొరకు తగిలింది. నీటితోపాటు మట్టి, ఇసుక సొరంగంలోకి కొట్టుకొచ్చాయి. పైన పాత ఇళ్లు కూలాయి, వందలమంది కట్టుబట్టలతో బయటికి రావాల్సొచ్చింది. అలాంటి రోజున 1 శాతం అన్న అంకెకు అర్థముండదు. నా మటుకు, నీటి పొరలను గుర్తించే బోర్‌హోల్ పరీక్షల మీద ఎంత ఖర్చుపెట్టినా దండగ కాదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు నడుస్తున్న మెట్రో పిల్లర్ల మీదిది కనుక మనకీ తలనొప్పి అంతగా తెలియదు. చెన్నైలోనో బెంగళూరులోనో సొరంగం దారిలో ఇల్లున్నవారికి ఒక్క మాట: తవ్వకానికి ముందు మీ గోడల మీద ఉన్న పాత పగుళ్లను ఫోటోలు తీసి, కొలిచి రాసుకునే సర్వే చేస్తారు. సిబ్బంది వచ్చినప్పుడు బీరువా వెనక గోడ కూడా చూపించండి. ఆ నివేదిక కాపీ అడిగి తీసుకోండి. రేపు పగులు కొత్తదో పాతదో తేల్చేది ఆ కాగితమే.