గుడారం వదిలి చక్రాల ఇంట్లోకి!

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఉక్కునగరం క్వార్టర్లలో పిల్లలు "లంబసింగి ఎప్పుడమ్మా?" అని వేధించడం మొదలుపెడతారు. గుడారంలో పడక మగవాళ్ళకేం, సరదాగానే ఉంటుంది! అర్ధరాత్రి ఆడపిల్లని వెంటబెట్టుకుని, టార్చిలైటుతో మంచులో బాత్‌రూము వెతుక్కునేది మనమే కదా.

అందుకే ఈసారి కారవాన్ అద్దెకు తీసుకుందామనుకుంటున్నారా? మంచి ఆలోచనే. కేరళ 2021లోనే ఈ చక్రాల ఇళ్ళ కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు మీరే స్వయంగా బండెక్కి చూడండి. బాత్‌రూము ఉందనగానే మురిసిపోకండి, నీళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లో అడగండి. వంద లీటర్లంటే అయిదారు బక్కెట్లే! నలుగురి స్నానాలు, అంట్లు అంటే పూట గడవదు. పులిహోర, చపాతీలు ఇంటిదగ్గరే చేసుకుని, విస్తరాకులు పట్టుకెళ్తే తోముడు తప్పుతుంది. నర్సీపట్నం దాటాక ఘాట్‌రోడ్డు మలుపులే మలుపులు. గిన్నెలు అరల్లో సర్ది, గ్యాసు సిలిండరు కట్టేశాకే బండి కదలనివ్వండి.

గుడారమైనా, కారవానైనా చలికి కుంపటి లోపల పెట్టుకుని తలుపులు బిగించుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ, వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు స్టవ్వు కూడా వంటకే, వెచ్చదనానికి కాదు. రెండు రగ్గులు ఎక్కువే పెట్టుకోండి, రాత్రి కిటికీ కాస్త తెరిచే ఉంచండి.

అన్నట్టు, వంటిల్లు వెంట వచ్చింది కదా అని అక్కడా మీరే గరిటె పట్టుకోకండి. పొద్దున్న కాఫీ మాత్రం ఆయన్నే కలపమనండి!