బాంబుల నడుమ బాల్యము

1939 సెప్టెంబరు మొదటి దినములలో లండన్ మొదలగు నగరముల రైలుస్టేషనులు బడిపిల్లలతో నిండిపోయినవి. ప్రతి బిడ్డకు పేరు వ్రాసిన చీటీ కట్టిరి. చేతికి విషవాయువు సోకకుండ ముసుగొకటి యిచ్చిరి. బాంబులు పడకముందే వారిని పల్లెలకు చేర్చవలెనని బ్రిటిష్ ప్రభుత్వము తలపెట్టినది. కొలదిదినములలో తరలినవారు దాదాపు 15 లక్షలు; వారిలో సగమునకు మించి బడిపిల్లలే. ప్రాణరక్షణకు చేసిన యీ యేర్పాటును తప్పు పట్టుటకు వీలులేదు. కాని తల్లి నెడబాసిన బిడ్డ మనస్సు సంగతి అప్పటికెవరును ఆలోచింపలేదు.

ఆలోచించినవారిలో ఆనా ఫ్రాయిడ్ ముఖ్యురాలు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తెగా ఆమె ప్రసిద్ధురాలే గాని, తొలుత వియన్నాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని యన్న సంగతి కొందరే యెరుగుదురు. 1938లో నాజీల వలన స్వదేశము విడిచి లండన్ చేరినది. 1941లో డొరోతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి, ఇండ్లు కూలిన కుటుంబముల పిల్లలకై హాంప్‌స్టెడ్‌లో శిశుగృహములను నెలకొల్పినది.

అచట వారు గమనించినది లోకము ఊహించినదానికి భిన్నము. తల్లి చెంతనుండి, ఆమె నిబ్బరముగా నున్నంతవరకు, పసివారు బాంబుల మ్రోతకు అంతగా బెదరలేదు. తల్లి వణికిన బిడ్డయు వణికెను. తల్లికి దూరమైన పసివారు మాత్రము నేర్చిన మాటలు మరచిరి. మాన్పిన పక్కతడుపు మరల మొదలిడిరి.

అందుచే శిశుగృహములలోని పిల్లలను కొద్దిమంది చొప్పున చిన్న కుటుంబములుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక సంరక్షకురాలిని తల్లిస్థానమున నిలిపిరి. మొదట అసూయలు, ఏడ్పులు పెల్లుబికినవి. అటుపిమ్మటనే మాట, నడవడి చక్కబడసాగినవి. ఏడ్పును క్రమశిక్షణకు లోపముగా నెంచు పెద్దలు ఈ వరుసను గమనింపదగును.

పిల్లల ఆటలను సైతము వారు శ్రద్ధతో పరికించిరి. విమానదాడిలో తండ్రిని గోల్పోయిన యొక చిన్నవాడు కాగితపు ఇండ్లు కట్టి వానిపై గోలీలను బాంబులుగా విడిచెడివాడు. తోడిపిల్లలు తాము చూచినదానిని ఆటలో మరల ఆడుకొని తేరుకొనుచుండిరి. వీని ఆటలో మాత్రము ఎవరును చనిపోరు. కూలిన యిల్లెల్ల మరల లేచును. అందుచే ఆట ముగియలేదు. నెలల తరబడి సాగెను. తండ్రి చనిపోయినాడనియు, ఇక తిరిగిరాడనియు వాడు ఒకనాడు తన నోటనే చెప్పెను. ఆ కాగితపు ఇండ్ల ఆట అప్పటికిగాని ఆగలేదు.